రెండో నంబరుకే దోవ

రేప్పొద్దున వేలూరు ఆస్పత్రిలో మా అత్త భారతమ్మకి కన్ను తీసేస్తారు. ఎడమది ఎప్పుడో పోయింది, మిగిలిన కుడి కంట్లో గడ్డ. ఆమె తన చేత్తో గీసిన హంసల అంచు మగ్గం మీద పడేది చూడాలంటే ఈ పూటే చూడల్ల, రాత్రికే బయలుదేరతాం. ఆ డిజైను మిద్దె మీద కంప్యూటర్లో ఉండాది. కింద మగ్గం కంప్యూటర్లో తెరవబోతే ఫోల్డరు దొరకలేదంటాది. యాడికి పోయిందంట, నెత్తి మీదనే కదా ఉండేది!

పెన్‌డ్రైవులో తెద్దామా అంటే, పోయినేడు దాంతో వైరస్ దూరి మగ్గం పిచ్చిపిచ్చిగా నేసిందని మా ఆయన బాలాజీ అది గుచ్చే సందులన్నీ ఎమ్‌సీల్ పెట్టి పూడ్చేసినాడు. మిద్దె మీది కంప్యూటరుకి ఫైర్‌వాల్ పెట్టి, మగ్గానికి మాత్రం దోవ విడిచినాడు. ఆ ఫైర్‌వాల్ ఆపే పాస్‌వర్డు ఆయన తలకాయలో ఉండాది. ఆయనేమో వేలూర్లో బెడ్డు కోసం వరసలో నిలబడి ఫోను ఎత్తడం లేదు.

"అయిందా వినోదినీ? సీక్రం కానీవే, పొద్దు పోతా ఉండాది," పీట మీద కూర్చోని అత్త అడిగింది.

"అయిపాయె అత్తా," అంటి. అంతా అబద్ధం. మొఖం కనిపించకుండా కంప్యూటరు వైపే తిరిగి మళ్లీ నొక్కతా ఉంటి.

మొన్నటిదాకా బాగుండిందే, ఈరోజు దీనికేం రోగం? నిన్న ఆయుధ పూజ. అన్నీ ఆపేసి పసుపు కుంకుమ పెట్టినాం. ఈ పొద్దు మళ్లీ వేసేటప్పుడు, పూజ మర్నాడు మా వాడుక ప్రకారం మగ్గానికే ముందు... అయ్యో, నా బుద్ధి మండ! రోజూ మిద్దె మీదిదే ముందు వేస్తాం. ముందు లేచినదానికి రూటరు మొదటి నంబరు ఇస్తాది, తర్వాతదానికి రెండోది. ఫైర్‌వాల్లో దోవ ఉండేది రెండో నంబరుకే. ఈరోజు మగ్గం ముందు లేచి మొదటి నంబరు పట్టుకోని కూర్చుంది.

"అత్తా, మగ్గాన్ని ఆపల్ల. మిద్దె మీదిది ముందు వేయల్ల."

"పూజ చేసి మొదలెట్టినదాన్ని ఒక్క మూర కూడా నేయకుండా ఆపేదా? ఇంటికి అచ్చిరాదే!"

నేను స్విచ్చి మీద పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకుంటి. ఆమె లేచి, గోడ తడుముకుంటా పోయి తానే స్విచ్చి ఆపేసింది.

"పో. కానీ."

పరిగెత్తినా. రూటరు, మిద్దె మీదిది రెండూ ఆపి, మళ్లీ ఆ వరసలోనే వేసి, కిందికొచ్చి మగ్గందాన్ని వేసినా. ఫోల్డరు తెరుచుకునింది! నేనే కూర్చోని నేసినా. ఎర్ర నూలు మీద హంస కాళ్లు, రెక్క, మెడ లేచినాయి.

"అత్తా, చూడు! రా, చూడు!"

ఆమె వచ్చి అంచుని వేళ్లతో ఒకసారి తడిమింది. "బాగుండాది. దీన్ని రేపట్నుంచి కూడా ఇట్లనే చూసుకుంటా లే." నా గడ్డం పట్టుకోని వాకిలి వెలుతురు వైపు తిప్పింది.

"పొద్దుటి నుంచి నాకు నీ వీపే చూపిస్తివి. ఏడవద్దు, కదలకుండా ఉండు, మొఖం చూడనీ."