ఒక్క పిసరు లేటు

మా ఆయన ఏది కొనాలన్నా ముందు పోలుస్తారు. పోల్చడానికి ఇంకేమీ మిగలకపోతే, పోల్చిన పద్ధతి సరైనదేనా అని దాన్ని ఇంకో పద్ధతితో పోలుస్తారు. పెళ్ళైన కొత్తలో ఫ్యాను కొందామన్నాను. రెక్కల వంపు, మోటారు చప్పుడు, గాలి పడే వెడల్పు అన్నీ తేల్చుకుని ఆయన ఫ్యాను ఇంటికి తెచ్చేసరికి జనం దుప్పట్లు కప్పుకుని పడుకుంటున్నారు. ఉద్యోగం కూడా అలాంటిదే దొరికింది మహానుభావుడికి. తూకం యంత్రాలు సరిగ్గా తూస్తున్నాయో లేదో పరీక్షించే కంపెనీ. పిసరంత తేడా పట్టుకుంటే అక్కడ చప్పట్లు కొడతారు. ఇంట్లో నేను కొట్టను.

నేను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పిస్తాను. నేర్చుకునేవాళ్ళ కాలి కిందే కాక నా కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆలోచించుకుని తొక్కే తీరిక ఆ ఉద్యోగంలో లేదు. అందుకే మా ఇద్దరికీ పొద్దున లేస్తే పడదు. అయినా ఇప్పుడు చెప్పబోయేది మా గొడవ కాదు, మా అత్తగారి కోట సంగతి.

అత్తగారు ఒకప్పుడు ఇంట్లోనే బట్టలు కుట్టేవారు. పిల్లలు బడికి వెళ్ళాక, చేతిలో పని అయిపోతే, పిల్లల ఆటపెట్టెని టీవీకి తగిలించి తను ఆడుకునేవారు. లాంతరు పట్టుకున్న బుడ్డోడు ఒకడు గుంతలు దూకుతూ, గబ్బిలాల్ని తప్పించుకుంటూ, కోట తర్వాత కోటలో ఆరిపోయిన దీపాలు వెలిగించుకుంటూ పోవాలి. అదీ ఆట. ఆవిడ అన్ని కోటలూ దాటారు, చివరిది తప్ప. సరిగ్గా అక్కడికి చేరేవేళకి బడి వదిలేసేవాళ్ళు. మా ఆయన సంచీ ఊపుకుంటూ వచ్చి తలుపు బాదేవారు. ఆ పెట్టెలో ఆగిన చోటు దాచుకునే వీల్లేదు, ఆపితే మళ్ళీ మొదటికే. "అమ్మా, ఆకలి!" అని కేక వినబడగానే ఆవిడ పెట్టె కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. కొన్నాళ్ళకి పెట్టె చచ్చింది. కోట అలాగే ఉండిపోయింది.

ఇన్నేళ్ళూ ఆవిడ ఆ మాటే ఎత్తలేదు. ఈమధ్య కుడిచెయ్యి వణకడం మొదలై, బొటనవేలు చెప్పిన మాట వినడం మానేసింది. నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. మందులు దీన్ని నెమ్మది చేస్తాయే గాని ఆపవు, చేత్తో చెయ్యాలనుకున్నవి ఏమైనా ఉంటే ఇప్పుడే చేసేసుకోండి అన్నాడాయన. కారెక్కాక అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆ చివరి కోట ఒక్కటీ దాటేస్తే బాగుండురా" అన్నారు.

"అదెంత పనమ్మా!" అన్నారు మా ఆయన. అక్కడే మా కొంప మునిగింది.

బీరువా మీంచి పాత ఆట క్యాసెట్టు దిగింది. అందులోని ఆట ఏదో పరికరం గుండా కంప్యూటర్లోకి ఎక్కింది. ఇక కావలసింది ఒక ఎమ్యులేటర్. ఎమ్యులేటర్ అంటే మరేం లేదు, చచ్చిపోయిన ఆటపెట్టెని కంప్యూటర్‌కి పూనించే ప్రోగ్రాము. పాపం, ఆట మాత్రం తను ఇంకా సొంత పెట్టెలోనే ఉన్నాననుకుంటుంది. దించుకోవడానికి పాలు పొంగేంత సేపు కూడా పట్టదు. ఇంకెవరైనా అయితే ఒకటి దించుకుని, వాళ్ళమ్మ చేతికిచ్చి, తమ పని తాము చూసుకునేవాళ్ళు. మా ఆయన మాత్రం, "ఏది మంచిదో చూడాలి కదా" అన్నారు.

చూడటం మొదలుపెట్టారు. వాటి అసలు పేర్లు నాకు నోరు తిరగవు గనక నేనే పేర్లు పెట్టుకున్నాను. మొదటిది సర్వాంతర్యామి. లోకంలో పుట్టిన ప్రతి ఆటపెట్టె అవతారమూ అదే ఎత్తుతుంది. కాకపోతే మెనూలో మెనూ, ఆ మెనూలో ఇంకో మెనూ. ఆట ఎక్కడుందో కనిపెట్టడమే పెద్ద ఆట. రెండోది నిక్కచ్చి. పాత పెట్టెలో ఉన్న లోపాలు కూడా ఒక్కటి పోకుండా చూపిస్తుంది. బొమ్మలు ఎక్కువైతే పాత పెట్టె తడబడేదట, ఇదీ భక్తిగా తడబడుతుంది. అది నడుస్తుంటే కంప్యూటర్ పిండిమరలా అరుస్తుంది. మూడోది జోరు. పరుగే పరుగు, పాట మాత్రం జలుబు చేసిన గొంతుతో వస్తుంది. నాలుగోది డొక్కుది. తయారుచేసినవాడే వదిలేసిపోయాడు. బూడిదరంగు కిటికీ ఒకటి, దానికి నాలుగు మీటలు. దాన్ని మా ఆయన ఒక్క చూపు చూసి, "ఛీ" అన్నారు.

ఇవన్నీ పోల్చుకునేవాళ్ళకి నెట్లో ఒక ఫోరమ్ ఉంది. అక్కడ మా ఆయనకి మహా గౌరవం. వాళ్ళలో ఎవరూ ఆడగా నేను చూడలేదు. ఆకాశం నీలం అప్పట్లో ఉన్న నీలమేనా, దూకినప్పుడు వచ్చే చప్పుడు రవ్వంత లావైందా, ఇవీ వాళ్ళ కష్టాలు. ఒకాయన పాపం, నాకు వయసైంది, ఆట వేగం తగ్గించుకుని ఆడుకుంటాను, తప్పా అని అడిగాడు. అందరూ కలిసి ఆయన్ని ఉతికి ఆరేశారు. మా ఆయన రాసిన జవాబు నాకు చదివి వినిపించారు కూడా. వేగం తగ్గిస్తే అది ఆట కాదు, ఆట శవం అని రాశారు. ఆ పెద్దమనిషి మళ్ళీ ఆ ఫోరమ్ ఛాయలకి రాలేదు.

ఆదివారం వస్తే అత్తగారిని తెర ముందు కూర్చోబెట్టేవారు. ఆవిడ ముచ్చటగా జడ బిగించుకుని, కళ్ళజోడు తుడుచుకుని, ఆడే మీటల డబ్బా చేతిలోకి తీసుకునేవారు. బుడ్డోడు రెండు గుంతలు దూకగానే, "చాలమ్మా, చూశాను" అని ఈయన డబ్బా లాక్కునేవారు. ఇంకో ఎమ్యులేటర్. మళ్ళీ మొదటి గుంత. మళ్ళీ, "చాలమ్మా." చివరి కోట సంగతి దేవుడెరుగు, కోటలకి ముందొచ్చే మొదటి పొలమే ఆవిడ దాటలేదు. ఒకసారి తెరని పాత టీవీలా మార్చారు. అంచులు వంకర, అడ్డంగా గీతలు, మూలల్లో చీకటి. "ఎలా ఉందమ్మా? అచ్చం మన టీవీయే కదూ?" అన్నారు గర్వంగా.

"మన టీవీ ఇంత దరిద్రంగా ఉండేదా?" అన్నారు అత్తగారు.

అసలు పీడ అప్పటికింకా రాలేదు. ఒకరోజు ఆవిడ బుడ్డోణ్ణి గుంతలో పడేసి, "నేను నొక్కానురా. వాడే ఒక్క పిసరు లేటుగా దూకాడు" అన్నారు.

మా ఆయన మొహం చాటంత అయింది. నొక్కినదానికీ దూకినదానికీ మధ్య ఆలస్యం! ఎమ్యులేటర్ల లోకంలో ఇంతకంటే పెద్ద రోగం లేదట, పట్టుకున్నవాడు మొనగాడట. ఇక చూస్కోండి. మీటల డబ్బా మారింది, తీగ మారింది, కంప్యూటర్ తెర మారింది. చివరికి పాత సామాన్ల కొట్టు నుంచి ఏనుగంత టీవీ ఒకటి మోయించుకొచ్చి హాల్లో పెట్టించారు. సోఫా వరండాలోకి పోయింది. మారినప్పుడల్లా, "ఇప్పుడు నొక్కమ్మా" అనేవారు. ఆవిడ నొక్కేవారు. బుడ్డోడు గుంతలో పడేవాడు. "ఇంకా ఒక్క పిసరు" అనేవారావిడ. వారం వారానికీ ఆ పిసరు పెరుగుతోంది. ఆవిడ చేతి పట్టు అంతకంతకీ తగ్గుతోంది. టీ కప్పు ఎడంచేత్తో పట్టుకోవడం మొదలుపెట్టారు. ఈయనకి అది కనబడదు, తెరే కనబడుతుంది.

ఒక మధ్యాహ్నం నాకు పాఠాలు లేవు. ఈయన ఆఫీసులో ఉన్నారు. ఒళ్ళుమండి ఆ దిక్కుమాలిన డబ్బా నేనే తీసుకుని నొక్కాను. బుడ్డోడు ఠక్కున దూకాడు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ ఠక్కున. సర్వాంతర్యామిలో నొక్కాను, జోరులో నొక్కాను, ఆఖరికి ఆ డొక్కుదాంట్లో కూడా నొక్కాను. అన్నింట్లోనూ నొక్కితే దూకాడు. బ్రేకు పట్టలేదు మేడం అని నా దగ్గర నేర్చుకునేవాళ్ళు రోజూ అంటారు. బ్రేకు ఎప్పుడూ పడుతుంది. కాలే ఆలస్యంగా వెళ్తుంది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో అత్తగారు నిలబడి ఉన్నారు.

"చూశావా?" అన్నారు.

"మీకు తెలుసా అత్తయ్యా?"

"మొదటిరోజు నిజంగా పెట్టెదే తప్పనుకున్నాను. రెండోవారానికి తెలిసింది."

"మరి ఆయనతో చెప్పరేం? ఇల్లు గుల్ల చేస్తున్నాడు కదా మీ సుపుత్రుడు!"

ఆవిడ వచ్చి నా పక్కన కూర్చున్నారు. "వాడి మొహం చూశావా అమ్మాయ్? డాక్టరు చెప్పినప్పట్నించీ వాడు సరిగ్గా తినట్లేదు. లేటుగా ఉందిరా అన్నరోజు కడుపునిండా తిన్నాడు. తప్పు కంప్యూటర్‌లో ఉంటే వాడు బాగుచేస్తాడు. నా వేలిలో ఉందంటే ఏం చేస్తాడు, పిచ్చి నాగన్న?"

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపమొస్తుంది. "మరి మీ కోట?"

"కోట ఎక్కడికి పోతుందే?"

"కోట ఎక్కడికీ పోదు అత్తయ్యా. చెయ్యి పోతుంది" అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆవిడ తన బొటనవేలిని ఎడంచేత్తో నిమురుకుంటూ కూర్చున్నారు.

సాయంత్రం ఈయన వచ్చాక అత్తగారు మేడమీదికి వెళ్ళేదాకా ఆగి చెప్పేశాను. నమ్మలేదు. పైగా, నువ్వు నొక్కితే లెక్కలోకి రాదు, కొలవడానికి ఒక పద్ధతుంటుంది అన్నారు. ఆయన దగ్గర ఋజువులు కూడా ఉన్నాయట. అమ్మ వేలినీ తెరనీ కలిపి ఫోన్లో బాగా నెమ్మది చేసి తీసిన వీడియోలు, ఒక గుట్ట. వేలు మీటకి తగిలిన క్షణం నుంచి బుడ్డోడు లేచే క్షణం దాకా చూస్తారట. "ఆలస్యం దొరకట్లేదు. అంటే కెమెరా చాలట్లేదన్నమాట" అన్నారు.

"వేలు తగలకముందు ఏం జరిగిందో చూశారా?"

"అది దేనికి?"

"వెనక్కి జరపండి."

జరిపారు. "ఇంకా వెనక్కి" అన్నాను. బుడ్డోడు పరిగెడుతున్నాడు. గుంత అంచు వస్తోంది. మీట పైన అత్తగారి బొటనవేలు వణుకుతోంది. గుంత వచ్చేసింది. వేలు బయల్దేరింది. గాలిలో ఒకసారి తడబడి ఆగింది, మళ్ళీ బయల్దేరింది. బుడ్డోడు గుంతలో పడ్డాక మీటకి తగిలింది. సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించిన వేలు అది.

ఆయన ఇంకో వీడియో తెరిచారు. ఇంకొకటి తెరిచారు. "ఈ కెమెరా..." అని మొదలుపెట్టి ఆపేశారు. ఫోను బల్లమీద బోర్లాపెట్టి బాత్రూములోకి వెళ్ళారు. కుళాయి చాలాసేపు అలా పారుతూనే ఉంది. నేను తలుపు కొట్టలేదు.

ఆ వారమంతా ఆయన ఫోరమ్ తెరవలేదు. మీ పరీక్షల తీర్పు ఏమైంది, ఏది గొప్పది అని అక్కడ అందరూ గగ్గోలు పెడుతున్నారని తర్వాత తెలిసింది. ఆదివారం పొద్దున అత్తగారిని పిలిచి కూర్చోబెట్టారు. తెరమీద బూడిదరంగు కిటికీ. డొక్కుది. దానికున్న నాలుగు మీటల్లో ఒకటి ఆట వేగాన్ని తగ్గించేది. ఇంకొకటి ఆగినచోటు దాచిపెట్టేది.

"ఇదేమిట్రా, ఇది పనికిరాదన్నావుగా?" అన్నారు అత్తగారు.

"పొరపాటు పడ్డానమ్మా. అన్నీ చూశాను. అసలు పెట్టెకి ఇదే దగ్గర" అన్నారు మా ఆయన. పెళ్ళైనప్పట్నించీ ఆయన నోట నేను విన్న మొదటి అబద్ధం అది. కందగడ్డలా ఎర్రబడిపోయారు పాపం, అబద్ధం కూడా అలవాటుండాలి.

ఆట మొదలైంది. పాట సాగుతూ వచ్చింది. బుడ్డోడు నీళ్ళలో నడిచినట్టు నడిచాడు. గుంత నింపాదిగా దగ్గరికొచ్చింది. అత్తగారి వేలు తడబడింది, ఆగింది, బయల్దేరింది, తగిలింది. బుడ్డోడు దూకాడు, అవతల పడ్డాడు.

అత్తగారు కొడుకు వైపు తిరిగి చూశారు. ఆ పాట ఎంత వేగంగా ఉండేదో ఆవిడకి తెలియకపోవడమా! ఏళ్ళ తరబడి దాన్నే కూనిరాగం తీస్తూ కుట్టుమిషను తొక్కినావిడ.

"ఆఁ. ఇది బాగుంది. అచ్చం మన పెట్టెలాగే ఉంది" అన్నారు.

"చాలమ్మా" అనలేదీయన. పక్కనే నేలమీద కూర్చున్నారు. ఆవిడ అలసిపోతే ఆగినచోటు దాచిపెట్టారు. సాయంత్రాలు, సెలవురోజులు, ఆవిడకి చెయ్యి కుదిరినప్పుడల్లా, కోట తర్వాత కోట. దారిలో గబ్బిలాన్ని ఒకదాన్ని ఆవిడ తిట్టిన తిట్లు నా డ్రైవింగ్ స్కూల్లో కూడా వినలేదు. చివరి కోటకి చేరినరోజు ఎదురింటావిడ చక్కెర కోసం వచ్చి తలుపు తట్టింది. మా ఆయన కూర్చున్నచోటు నుంచే, "ఇప్పుడు ఎవరూ రావద్దు!" అని అరిచారు. ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడట్లేదు.

చివరి దీపం వెలిగింది. తెర నల్లబడి, మధ్యలో, శభాష్, చీకటి పోయింది అని ఒక్క ముక్క వచ్చింది. అంతే.

"ఇంతేనా?" అన్నారు అత్తగారు. "దీనికోసమా నేను అన్నిసార్లు కూర మాడబెట్టింది?"

ముగ్గురం పగలబడి నవ్వాం. నవ్వుతూనే మా ఆయన కళ్ళు తుడుచుకున్నారు. ఈలోగా ఆట తనంతట తానే మళ్ళీ మొదటి పొలంలో మొదలైంది. ఈసారి గబ్బిలాలు రెట్టింపు ఉన్నాయి.

"మళ్ళీ ఆడతావా అమ్మా?"

"ఆడక? రేపు ఆడతాను." ఆవిడ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, ఊగిపోతున్న కుడిచేతిని ఎడంచేత్తో అదిమి పట్టుకున్నారు. కొడుకు వైపు చూడకుండా, "రేపటికి దాన్ని ఇంకొంచెం నెమ్మది చేసి పెట్టు నాన్నా" అన్నారు.

"అలాగే అమ్మా" అన్నారు మా ఆయన.