గంధకమును వేపనూనెయు

శిశిరర్తువు సగము గడచి పగటియెండకు మరల వాడి పుట్టుచున్న కాలము. పల్నాటిసీమయందు మిరపచేలు తొలికోత ముగించుకొని రెండవకాపునకు సిద్ధపడి పచ్చనియాకులనడుమ నెఱ్ఱనికాయలును తెల్లనిపూలును కలగలుపుగా ధరించి కనుచూపుమేర వ్యాపించియుండెను. కల్లములయం దారబోసిన కాయలఘాటు గాలితో గలసి యూరూర దిరిగి త్రోవను బోవు పరాయివారి కెల్ల తుమ్ములు తెప్పించుచుండ నాఘాటునకు బుట్టినది మొద లలవాటుపడిన యాసీమవారు మాత్రము ముక్కు చిట్లింపనైన నెఱుగక తమపనులు తాము చేసికొనుచుండిరి. సూర్యుడు నడినెత్తికి వచ్చినపుడు చేలలో మనుష్యసంచార ముండదు. మందు చల్లువారు పొద్దు వాలి గాలి నిలుచుదాక నింటిపట్టుననే యుందురు. ఈయలవాటే లేకున్న మన కథ మధ్యాహ్నముననే ముగిసిపోయి యుండును.

ఆసీమలోని యొకానొక పట్టణమున బస్సుస్టాండు వెనుకవీథిలో నొకమేడమీద రైతులకు సెల్‌ఫోనుమూలమున వ్యవసాయసలహాలు పంపు కేంద్ర మొకటి గలదు. అందు బ్రధానసలహాదారిణి హైమవతి. వ్యవసాయశాస్త్రమున బట్టము గొన్నది, పనియందు జురుకైనది, మాటయందు నిక్కచ్చియైనది, ఆలస్య మనిన నొళ్లుమండు స్వభావము గలది. ఆకేంద్రమున మొదటినుండియు నొకయాచార ముండెను. సలహా వ్రాసినవారు దానిని బిగ్గరగా జదువవలెను. ఎదుట గూర్చున్న వేఱొకరు తామే రైతయినట్లు విని, విన్నదానినిబట్టి చేనిలో నేమి చేయుదురో మరల జెప్పవలెను. ఆచెప్పినది సరిపోయిన గాని సలహా గడపదాటరాదు. ఈరైతువేషము తఱచుగా మస్తాన్‌వలిది. అతడు హైమవతితో నొకేకళాశాలలో జదివి యామెతోపాటే యుద్యోగమున జేరినవాడు. వేషము గట్టినతోడనే యతని కెక్కడలేని మొండితనమును వచ్చి "అయితే గ్లాసుతో కొలవాలా, మూతతో కొలవాలా? చెట్టు తడిసేటట్టు కొట్టాలా, పైపైన కొట్టాలా?" అని యడిగి యడిగి హైమవతిప్రాణము దీయుచుండెను.

ఇట్లుండ గడచిన వర్షకాలమున నాకేంద్రమునకు గృత్రిమమేధ వచ్చెను. కంప్యూటరులో నడిగినదే తడవుగా తేటతెలుగున సలహా వ్రాసి ముందుంచు నీసాధనమును దెప్పించుటకు బట్టుబట్టినది హైమవతియే. ఆమెపట్టుదలయందు న్యాయము లేకపోలేదు. ప్రశ్నలు కుప్పలుతెప్పలుగా వచ్చిపడుచుండ బదులందక రైతులు మందులదుకాణపువాని మాటను నమ్మి పనికిరానిమందులు కొనుచుండిరి. కేంద్రాధికారియైన చలపతిరావు తొలుత సందేహించి, చివరకు "సరే, తెప్పిద్దాం. కానీ పంపేముందు మనిషి చదవాలి. ఆ మనిషివి నువ్వే. కింద నీ పేరే ఉంటుంది" అని యనుమతించెను. హైమవతి తలయూపెను. తొలిదినములలో నామె యంత్రము వ్రాసిన ప్రతివాక్యమును భూతద్దము పెట్టి చూచినట్లు చూచెను. తప్పు దొరకలేదు. దొరకకపోవుటయే కొంపముంచెను. చదువుట క్రమముగా జూచుట యయ్యెను, చూచుట కన్నువేయుట యయ్యెను, తుదకు మీట నొక్కుటయే మిగిలెను. యంత్రము వ్రాసినదానికి మరల నీనాటక మెందుకని రైతువేషమును గూడ నామెయే మాన్పించెను. మస్తాన్‌వలి "పోన్లే, నాకు గొంతు నొప్పి తగ్గింది" అని నవ్వి యూరకుండెను.

ఈశిశిరమున నొకనాడు మధ్యాహ్నభోజనమునకు ముందు హైమవతి యొకసలహా పంపెను. కొన్నియూళ్ల మిరపచేలకు బూడిదతెగులును తామరపురుగును గూడ సోకినవని రైతులు మొఱపెట్టుకొనిరి. బూడిదతెగులునకు నీటిలో గఱగు గంధకము చల్లవలెననియు తామరపురుగునకు వేపనూనె చల్లవలెననియు, దేని మోతాదు దానికి జూపి, యంత్రము చక్కగా వ్రాసిపెట్టెను. ఆమె పైవరుస చూచెను, క్రిందివరుస చూచెను, మీట నొక్కెను, గోంగూరయన్నపుగిన్నె మూత తీసెను. రెండుముద్ద లైన దినకమునుపే మస్తాన్‌వలి చేతిలోని ఫోనును అరచేత మూసికొని వచ్చెను.

"హైమా, ఒకాయన అడుగుతున్నాడు. ట్యాంకులో గంధకం ముందు పోయాలంటా, వేపనూనె ముందు పోయాలంటా?"

"రెండూ ఒకే ట్యాంకులోనా?"

"నువ్వు పంపినదాంట్లో రెండూ ఉన్నాయంట గదా."

ముద్ద చేతిలోనే నిలిచిపోయెను. విషయ మేమనగా, గంధకము మంచిదే, వేపనూనెయు మంచిదే, రెంటికి జెప్పిన మోతాదులును సరియైనవే. కాని యారెంటిని గలిపి చల్లినచో నూనె గంధకమును ఆకులోనికి దిగనిచ్చి చెట్టునెల్ల మాడ్చివేయును. నడుమ కొన్నివారముల యెడము విడువక తప్పదు. ఈసంగతి శాస్త్రము చదివినవారి కందఱకును దెలియును. యంత్రమునడిగిన నదియు జెప్పియుండును. అడిగినవారు లేరు. పల్నాటిరైతు కూలివానిని బిలిచి, బిందెలతో దూరమునుండి నీరు మోయించి, మందు కొట్టించుట యొకనాటి మాటగా ముగియవలెనని కోరువాడు. కావున సలహాలో నెన్నిమందులున్న నన్నిటిని నొకేట్యాంకులో బోసి కలియబెట్టును. పక్కపక్కన వ్రాసినవి కలుపవలసినవి కావని యతనికి వేఱుగా జెప్పవలెను. ఆచెప్పవలసినమాట యొక్కటియే యాసలహాలో లేదు.

"కొట్టొద్దని చెప్పు. ఆయనకి ఏదీ కొట్టొద్దని చెప్పు ముందు" అని హైమవతి యెంగిలిచేతితోనే లేచెను. గోడగడియారమును జూచెను. పొద్దు వాలుట కింకను వ్యవధి యున్నది. ఆవ్యవధియే యిపుడు పలువురి పంట.

ఆమె చలపతిరావునకు ఫోను చేసి జరిగినది చెప్పెను. అతడు గొంతు తగ్గించి "సాంకేతిక లోపం వల్ల ఆ సలహా రద్దయిందని పెట్టించమ్మా. తప్పు అనే మాట మాత్రం రానివ్వొద్దు. రేపు పంట పోయినోళ్లంతా మన గుమ్మం ముందు కూర్చుంటారు" అనెను. "అట్టాగేనండీ" అని హైమవతి పెట్టివేసెను. ఆమెకు భయము వేసెను. పంటలు పోవునని యొకభయము. ఉద్యోగము పోవునని యింకొకభయము. ఈరెండవభయము మొదటిదానికంటె ముందుగా వచ్చి కూర్చుండె నని సిగ్గు. అలవాటుచొప్పున వ్రేళ్లు యంత్రము పైకే పోయి సవరణ వ్రాసిపెట్టుమని యడిగినవి. అది క్షణములో "మాననీయ రైతుసోదరులకు కలిగిన అసౌకర్యమునకు చింతించుచున్నాము" అని మొదలుపెట్టి నున్నగా నొకలేఖ వ్రాసి యిచ్చెను. హైమవతి దానిని నాడు తొలిసారిగా నక్షరమక్షరము చదివెను. సాంకేతికలోప మని చదివిన రైతు తనఫోను చెడినదనుకొని మందు కలుపుకొనును గాని చేయి నిలుపడు.

ఆమె దాని నంతయు చెఱిపివైచి తానే వ్రాసెను. "నేను హైమవతిని. మధ్యాహ్నం నేను పంపిన సలహాలో తప్పు ఉంది. గంధకం, వేపనూనె కలిపి కొట్టవద్దు. కలిపితే ఆకు మాడిపోతుంది. ఈ రోజు ఏ మందూ కొట్టవద్దు. నేను ఫోను చేస్తాను." తప్పు అనుమాటయొద్ద వ్రేలు కొంచె మాగెను. ఆగి, ముందునకు బోయెను. పంపుటకు మునుపు మస్తాన్‌వలిని బిలిచి చదివి వినిపించెను. అతడీసారి యెగతాళి చేయలేదు.

"విన్నావు గదా, ఇప్పుడు నువ్వేం చేస్తావు?"

"ట్యాంకు పక్కన పెట్టి, నీ ఫోను కోసం చూస్తా. పంపు."

పిదప నిరువురును జెరియొక ఫోను బట్టి పేరుపేరున బిలువసాగిరి. కొందఱు "మంచిపని చేశారమ్మా, ఇప్పుడే నీళ్లు తోడుతున్నా" అనిరి. కొందఱు చీవాట్లు పెట్టిరి. ఒకవృద్ధుడు "కొట్టమంటారు, వద్దంటారు, మీకేం పోయింది, ఫ్యాను కింద కూర్చున్నోళ్లు" అని తిట్టి, తిట్టినపిమ్మట కొట్టనని మాట యిచ్చెను. ఆతిట్లు హైమవతిచెవి కమృతమువలె సోకెను. తిట్టుచున్నవా డింకను ఇంటియొద్ద నున్నట్లే గదా. పొద్దు పడమటికి మొగ్గునప్పటికి అందఱును జిక్కిరి, ఒక్కరు దక్క. అతడు ఎల్లమంద యను కౌలురైతు. అతనిఫోను మ్రోగి మ్రోగి యాగిపోవుచుండెను. హైమవతి మరల జేసెను. మరల మ్రోగెను. ఎవరును దీయలేదు.

"ఊరెంతో దూరం లేదు. బండి తీస్తున్నా" అని మస్తాన్‌వలి తాళము చేత బట్టుకొనెను.

మోటారుసైకిలు వెనుక గూర్చున్న హైమవతి దారిపొడుగునను సూర్యునే చూచుచుండెను. త్రోవపక్క చెట్లయాకు లల్లాడుచున్నంతసేపు గాలి యింకను నిలువలేదని ధైర్యము దెచ్చుకొనెను. ఊరు సమీపించునప్పటి కాకు కదలుట మానెను. ఊరివారి నడిగి తెలిసికొనిన యెల్లమంద చేనిగట్టునొద్ద బండి దిగినతోడనే వేపనూనె చేదువాసన ముక్కునకు దగిలెను. ఇక జూడనక్కఱలేదని యామెకు దెలిసిపోయెను. ఐనను బరుగెత్తెను.

ఎల్లమంద మూతికి తువ్వాలు కట్టుకొని వీపున ట్యాంకు మోయుచు జేనిచివర నుండెను. కొన్నిసాళ్లు మాత్రమే మిగిలియుండెను. చేతులెత్తి పరుగున వచ్చుచున్నవారిని జూచి యతడు పంపు నాపి తువ్వాలు దించెను. వచ్చినది సలహాకేంద్రపు హైమవతి యని మస్తాన్‌వలి చెప్పగా నతనిముఖము విప్పారెను.

"మీరే వచ్చారా అమ్మా. మీరు చెప్పినట్టే కొట్టాను. ఫోను ఇంటికాడ గూట్లో పెట్టి వచ్చా, మందు పడితే పాడవుద్దని. ఇంట్లో ఎవరూ లేరు."

హైమవతి, కలిపికొట్టిన నాకు మాడుననియు, వెంటనే మంచినీటితో జెట్లను గడిగినచో గొంత దక్కవచ్చు ననియు, దక్కునని తాను మాట యియ్యజాల ననియు జెప్పెను. ఎల్లమంద చేనివైపు జూచెను. ఆకులపై దడి యింకను మెఱయుచుండెను. చేను పచ్చగానే యున్నది. మాడుట యిపుడే కనబడునది కాదు. అతడు ట్యాంకు దించి గట్టుపై బెట్టెను. మస్తాన్‌వలి దానిని గడుగుటకై కాలువయొద్దకు మోసికొనిపోయెను.

"మరి అట్టా ఎందుకు రాశారమ్మా?" అని యెల్లమంద యడిగెను. అతనిగొంతున గోపము లేదు. నిజముగా దెలిసికొనగోరి యడిగినట్లే యుండెను.

యంత్రము వ్రాసిన దన్నమాట నాలుకచివరకు వచ్చి నిలిచెను. అది యబద్ధము గాదు. కాని క్రింద నున్నపేరు తనది.

"కంప్యూటరు రాసింది. నేను చదవకుండా పంపాను."

ఎల్లమంద యామెవైపు దిరిగెను.

"చదవలేదా?"

"లేదు."

"మా పిల్లచేత మళ్లీ మళ్లీ చదివించుకున్నానమ్మా నేను. ఒక్క మాట మర్చిపోతే పైరు పోద్దని."

హైమవతి తల వంచుకొనెను. సలహా వ్రాయుటకు యంత్రము చాలును గాని, ఆసలహాను నమ్మి మందు కలిపినవానియెదుట నిలుచుటకు మనుష్యుడు గావలెను. అట్లు నిలువవలసిన దినము వచ్చుననుట మీట నొక్కునపుడు తోచదు. మస్తాన్‌వలి కడిగిన ట్యాంకులో మంచినీరు నింపి తెచ్చెను. ఎల్లమంద దానిని వీపున నెత్తుకొని తొలిసాలునుండి మరల మొదలుపెట్టెను. హైమవతి కొంగు నడుమున దోపి బిందె యెత్తుకొని కాలువకు బోయెను. వెలుతురున్నంతసేపు మువ్వురును నీరు మోసిరి. చేనంతయు గడిగి ముగించునప్పటికిని ఆకులు పచ్చగానే యుండెను. అవి మాడునో మాడవో తెలియుటకు మఱునాటి యెండ రావలెను.