తిరుగువారం నాటి ఫైనల్

2026 ఫిబ్రవరి నాలుగో తేదీ, బుధవారం. ఆ పొద్దున నేను తిన్నది సర్వపిండి. మా మేడ మీద అద్దెకుండే శోభారాణి పళ్లెంలో పెట్టి, పైన ఇంకో పళ్లెం మూసి తెచ్చింది. నా భార్య రమ పోయాక సుబేదారిలోని మా ఇంట్లోకి సర్వపిండి వాసన రావడం అదే మొదటిసారి. ఆ బియ్యప్పిండి రొట్టె వేళ్లతో పెట్టిన చిల్లుల చుట్టూ ఎర్రగా కాలింది.

"ఇంత పొద్దున్నే ఎందుకమ్మా?"

"నిద్ర పట్టలే కాకా. చేతులకు ఏదన్న పని గావాలె గద."

శోభారాణి ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆటల మేడం. ఆమె తయారు చేసిన అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుకు ఆ సాయంత్రమే ఫైనల్. కాలేజీ కరస్పాండెంట్ శ్యాంసుందర్ గారిది బట్టల వ్యాపారం. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. నవ్వుతూనే చెప్పాడట: కప్పు వస్తే మేడం వచ్చే ఏడాది కూడా ఉంటుంది, రాకపోతే ఆటల గది తాళంచెవి మ్యాచ్ అయిన వెంటనే ఇచ్చెయ్యాలి. మూలకున్న ఆ గదే ఆమె ఆఫీసు. అందులో బంతులకు తనే గాలి కొట్టేది, చిరిగిన వలలు తనే అల్లేది.

నేను చదువుకునే రోజుల్లో ఈ ఆట ఆడాను. బ్యాంకు ఉద్యోగం ముగిశాక, మ్యాచ్‌లప్పుడు బల్ల దగ్గర గడియారం పట్టుకుని కూర్చుంటున్నాను. అలా చూస్తూనే శోభారాణి పద్ధతి నాకు తెలిసింది. ఆమె పిల్లల మీద అరవదు. రిఫరీతో వాదించిన పిల్లను పిలిచి పక్కన కూర్చోబెట్టి పల్లికాయ ఒలిపిస్తుంది. ఒలిచిన పల్లీలు ఆ పిల్ల తినకూడదు, ఆట అయ్యాక అవతలి జట్టుకు ఇవ్వాలి. ఎక్కువ పల్లీలు ఒలిచింది కెప్టెన్ కావ్యే.

ఫైనల్ తేదీ పెట్టినవాళ్లు ఒక పొరపాటు చేశారు. మేడారం జాతర శనివారంతో అయిపోయింది, బస్సులన్నీ తిరిగొస్తాయి అనుకున్నారు. తిరుగువారం మరిచారు. జాతరకు వెళ్లలేకపోయినవాళ్లంతా తర్వాతి బుధవారం అమ్మవార్ల గద్దెల దగ్గరికి బయల్దేరతారు. అవతలి జట్టు రావలసింది ఏటూరునాగారం వైపు నుంచి. దారి అదే.

ఆట వేళకు అవతలి బెంచీ ఖాళీగా ఉంది. శోభారాణి ఫోన్ మోగింది. అవతలి జట్టు కోచ్ పోశయ్య గొంతు నాకు కూడా వినబడింది.

"మేడం, బస్సు దొర్కలే. జాతరకెళ్లొచ్చేటోళ్ల ట్రాలీల వస్తానం. గూడెప్పాడ్ దాటినం. ఆగుతరా?"

రిఫరీ రమాకాంత్ నా గడియారం వైపు చూశాడు. పావుగంట చూసి, అప్పటికీ ఐదుగురు రాకపోతే, కోర్టులో సిద్ధంగా ఉన్న జట్టు గెలిచినట్టు. అది నియమం. ముందు వరుసలో శ్యాంసుందర్ గారు ఒడిలో శాలువా పెట్టుకుని కూర్చున్నాడు.

పావుగంట నిండబోతుండగా కావ్య మిగతా నలుగురినీ లాక్కొచ్చి కోర్టు మధ్యలో నిలబెట్టింది.

"కావ్యా, బయటికి రా," అంది శోభారాణి.

"రాను మేడం. రూల్ ఉన్నది. మేం రెడీ."

"ఎవల కోసం రెడీ?"

"మీ కోసమే! తాళంచెవి ముచ్చట మాకు తెల్వదనుకున్నరా?"

శోభారాణి కోర్టులోకి వచ్చింది. ఆ పిల్లల దగ్గరికి వెళ్లి, కావ్య జడ నుంచి ఊడిన రబ్బరు బ్యాండు తీసి మళ్లీ వేసింది.

"నా కోసమైతే దిగు బిడ్డా. ఆడకుండ తెచ్చిన కప్పు ఎనక నన్ను దాసిపెడ్తరా?"

"మిమ్ముల తీసేస్తరు!"

"తీసేస్తే తీసేస్తరు. ఆ పిల్లలు ట్రాలీల నిలబడి వస్తాన్రు. దిగు."

ఒక్కొక్కరూ గీత దాటి బయటికొచ్చారు. చివర కావ్య. ఏడుస్తూ బెంచీ మీద కూలబడి, ఎవరూ చెప్పకుండానే పల్లికాయ సంచి ముందుకు లాక్కుంది.

"మేడం, కోర్టుల ఎవ్వలు లేరాయె. ఇగ గెలుపు నేనెవలకియ్యాలె?" అన్నాడు రమాకాంత్.

"ఎవలకియ్యకు అన్నా. జర చాయ్ తాగు."

తేదీ పెట్టినవాళ్లు తలలు వంచుకుని ఆగుదామన్నారు. రమాకాంత్ విజిల్ జేబులో వేసుకున్నాడు. చాయ్ చల్లారకముందే ట్రాలీ వచ్చింది.

దుమ్ము కొట్టుకున్న ముఖాలతో పిల్లలు దిగారు. వాళ్లకు మంచినీళ్లు, పొద్దున మిగిలిన సర్వపిండి, ఒలిచిన పల్లీలు. పల్లీలు కావ్యే పంచింది, ముఖం ఎటో పెట్టుకుని. ఒక చిన్న పిల్ల "థాంక్స్ అక్కా" అంటే "తిను తిను, మల్ల ఉరుకలేక పడిపోతవు" అని కసిరింది. కానీ దోసిట్లో ఇంకొన్ని వేసింది.

ఆట హోరాహోరీగా సాగింది. చివరి క్షణంలో కావ్య వేసిన బంతి రింగు మీద తిరిగి తిరిగి బయటికి పడింది. ఒక్క బుట్ట తేడాతో మనవాళ్లు ఓడిపోయారు. తనను తోశారని కావ్య రమాకాంత్ మీదికి నోరు తెరిచింది. మళ్లీ పల్లికాయ సంచి వైపు చూసి మూసేసింది.

శోభారాణి అవతలి పిల్లలందరితో చేతులు కలిపి, తాళంచెవి పట్టుకుని శ్యాంసుందర్ గారి దగ్గరికి నడిచింది. ఆమె చేయి చాచేలోపే పోశయ్య అడ్డొచ్చాడు. ట్రాలీలో వచ్చిన కుటుంబం పిల్లలకిచ్చిన బంగారం, అదే మేడారం అమ్మవార్ల బెల్లం ప్రసాదం, పెద్ద ముద్ద తెచ్చాడు.

"మీరేనా సార్ పెద్దమనిషి? మీ కాలేజోళ్లు ఆగిన్రు కాబట్టి మా పిల్లలు ఆడిన్రు. మా ఊళ్ల మీ పేరు చెప్పుకుంటం."

అమ్మవార్ల బంగారాన్ని వద్దనే మనిషి మా జిల్లాలో ఉండడు. శ్యాంసుందర్ గారు లేచి రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకున్నాడు. ఎదురుగా శోభారాణి తాళంచెవి చాచి నిలబడింది.

ఆయన తాళంచెవి వైపు చూశాడు. బెల్లం వైపు చూశాడు.

"రెండు చేతుల్ల అమ్మవార్లున్నరు, ఎట్ల తీసుకోను?" అన్నాడు. తర్వాత మెల్లగా, "నీ దగ్గర్నే ఉండనీయమ్మా. మల్లొచ్చే ఏడు బంతులకు గాలి ఎవలు కొడ్తరు?" అన్నాడు.

శాలువా పోశయ్య భుజాల మీదికి వెళ్లింది, బెల్లం అందరి చేతుల్లోకీ. కావ్య మేడాన్ని వెనక నుంచి వాటేసుకుని బెల్లం చేతులతో చీర పాడుచేసింది.

చీకటి పడ్డాక నేను కాలేజీ దగ్గర స్కూటర్ ఆపి ఎదురు చూశాను. శోభారాణి బంతులన్నీ గూట్లో సర్ది, మా వాటా బెల్లాన్ని కాగితంలో చుట్టి నా చేతికిచ్చింది. లోపలికి ఒకసారి తొంగి చూసి, దీపం ఆర్పి, ఆటల గది తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.