ఎడమ సీటు

ఆదివారం పొద్దున కారు మ్యాట్లు కడగడం నా పని. కారు కడగడం మా ఆయన పని. అంటే, ఆయన పైపు పట్టుకుని బానెట్ మీద నీళ్ళు జల్లుతూ దారినపోయే వాళ్ళను పలకరిస్తారు. నేను నాలుగు మ్యాట్లూ వెనక కుళాయి దగ్గరికి ఈడ్చుకెళ్ళి నడుం పట్టేసేదాకా రుద్దుతాను. చూసినవాళ్ళు మాత్రం "డెబ్బై ఒకటో ఏట కూడా సారు కారుని అద్దంలా పెట్టుకుంటారండీ" అంటారు. అననీ, నాదేం పోయింది. ఆ ఆదివారం ఎడమ వైపు ముందు మ్యాటు రుద్దుతుంటే బ్రష్షు అవతలికి దిగిపోయింది. కాలు ఆనే చోట బొటనవేలు దూరేంత చిల్లు. డ్రైవరు వైపు మ్యాటు చూస్తే నిన్న కొన్నట్టుంది.

"ఎలకలు కొరికినట్టున్నాయి" అన్నారాయన వంగి చూసి. "మందు పెట్టు."

ఎలక కాదు, నేనే. నాలుగేళ్ళుగా ఆ సీట్లో కూర్చుని లేని బ్రేకును తొక్కుతున్నాను.

నాలుగేళ్ళ కిందట కళ్ళ డాక్టరు, కంట్లో ఒత్తిడి పెరిగిందనీ పక్కచూపు పోతోందనీ, ముఖ్యంగా ఎడమ వైపు జాగ్రత్త అనీ చెప్పాడు. ఆయన ఆ మాట గదిలోనే వదిలేసి వచ్చారు. "చుక్కలు వేసుకుంటున్నాగా, ఇంకేం?" అన్నారు. అప్పటి నుంచి ఎడమ నాదయింది. "బండి." "గుంట." "ఆగండి." "ఇక పదండి." కూరలకి వెళ్ళినా, పెళ్ళికి వెళ్ళినా, జ్వరంతో నేనే డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఇవే నా మాటలు. కాస్త ముందు చెబితే "నాకు కళ్ళు లేవనుకున్నావా?" అంటారు. కాస్త ఆలస్యమైతే "నోరు పెగల్దేం?" అంటారు. ఇంటికొచ్చాక వీధిలో నిలబడి "నలభై ఏళ్ళ సర్వీసు, బండి మీద ఒక్క గీత లేదు" అని చెప్పుకుంటారు. పక్కన కూర్చునేసరికి నాకు మెడ, భుజం, కుడికాలు మూడూ పీకుతాయి. అమ్మాయికి చెబితే, "నువ్వు పక్కనుంటే నాకు ధైర్యం అమ్మా. నువ్వు లేకుండా మాత్రం నాన్నని కారు తియ్యనివ్వకు" అంది. ఎంత తేలిగ్గా అప్పగించిందో!

దానికి పద్దెనిమిది నిండగానే ఆయనే దగ్గరుండి కారు నేర్పించారు. "ఈ రోజుల్లో ఆడపిల్లకి డ్రైవింగ్ రాకపోతే ఎలా?" అని వచ్చిన వాళ్ళందరితో అన్నారు. వంటింట్లో బీన్సు తరుగుతున్న నా చేతిలో కత్తి ఆగిపోయింది. ఎవరూ చూడలేదు.

నాకు డ్రైవింగ్ వచ్చు. మా నాన్న టాక్సీ తోలేవాడు. నాకు ఇరవై ఒకటో ఏట, తెల్లారగానే ఊరి చివర మైదానానికి తీసుకెళ్ళి, తను ఎడమ వైపు కూర్చుని స్టీరింగ్ నాకిచ్చేవాడు. "రోడ్డుని చూడు తల్లీ, నన్ను కాదు" అనేవాడు. క్లచ్ వదులుతుంటే బండి కింద నుంచి ఒళ్ళు విరుచుకుని కదిలేది చూడండి, ఆ కదలిక నా పొట్టలో ఇప్పటికీ ఉంది. మొదటిసారే లైసెన్సు వచ్చింది. దాని మీద ఫోటోలో నాకు రెండు జడలు. రెండేళ్ళకి పెళ్ళయింది. అత్తగారు "కోడలు బండి తోలుతుంటే నలుగురూ ఏమనుకుంటారు?" అన్నారు. ఆవిడతోనైతే పోట్లాడేదాన్నేమో. ఆయన మాత్రం ఎంతో ప్రేమగా "నేనుండగా నీకెందుకా శ్రమ?" అన్నారు. ప్రేమగా అన్న మాటతో పోట్లాడటం నాకు చేతకాలేదు. ఆ ఒక్క మాట ముప్పై తొమ్మిదేళ్ళు పనిచేసింది. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆయనే దింపి, ఆయనే తీసుకొచ్చారు. పెద్ద పోస్టు ఇస్తామన్నారోసారి, డ్యూటీ ఎనిమిది దాకా. "ఎనిమిదింటికి ఎవరొస్తారు నీకోసం?" అన్నారు మా ఆయన. వద్దని రాసిచ్చాను. అయిదింటికి వస్తానన్న మనిషి ఆరున్నరకి వచ్చిన రోజులెన్నో. గేటు పక్కన నిలబడి, వచ్చే ప్రతి కారూ మాదేమో అని చూసేదాన్ని. వాచ్‌మన్ జాలిపడి స్టూలు వేసేవాడు.

ఊరు దాటాక దారి రెండుగా చీలుతుంది. కుడి వైపు వెళితే మా ఆయన చెల్లెలి ఇల్లు. ఎడమ వైపు వెళితే పెద్ద చెరువు, దాని గట్టు మీద నాలుగు మైళ్ళ తిన్నని రోడ్డు. నాన్న చెప్పేవాడు, అటూ ఇటూ ఏమీ ఉండదనీ, నీళ్ళ మధ్యలో పోతున్నట్టే ఉంటుందనీ. "లైసెన్సు వచ్చింది కదా, ఒకరోజు నువ్వే తోలుకుపో" అన్నాడు. ఆ రోజు రాకుండానే నాన్న పోయాడు. పెళ్ళయ్యాక ఎన్నిసార్లడిగానో. "నీళ్ళలో ఏముంది చూడ్డానికి?" అంటూ కుడికి తిప్పేవారు. ముప్పై తొమ్మిదేళ్ళుగా ఆ చీలిక దగ్గర నా తల దానంతటదే ఎడమకి తిరుగుతుంది.

పోయిన నెలా అలాగే తిరిగింది. చివర ఎక్కడో నీరు తళుక్కుమన్నట్టనిపించి, రెండంటే రెండు క్షణాలు అటే చూశాను. నా డ్యూటీ మరిచిపోయాను. పక్క సందులోంచి సైకిల్ మీద స్కూలు పిల్ల. "ఆగండీ!" అని నేను అరిచేసరికి ఆ పిల్ల తనంతట తానే బెదిరి కింద పడింది. కారుకీ దానికీ మధ్య జానెడు. లంచ్ బాక్సు దొర్లుకుంటూ వచ్చి మా చక్రానికి తగిలింది. మోకాలు గీరుకుపోయిందంతే. నేను దిగి లేవనెత్తితే, ఆ పిల్లే "సారీ ఆంటీ" అంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కారెక్కాక ఆయన అన్న మొదటి మాట: "ఏం చేస్తున్నావసలు? నిద్రపోతున్నావా?"

ఆ పిల్లకి జరగరానిది జరిగి ఉంటే, లైసెన్సు ఆయనది, స్టీరింగ్ ఆయనది, పాపం మాత్రం నాది. ఇంతకంటే అన్యాయం ఉందా?

సరిగ్గా పది రోజులకి లైసెన్సు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. డెబ్బై దాటిన వాళ్ళందరూ కళ్ళ సర్టిఫికెట్ తెచ్చి, ట్రాక్ మీద నడిపి చూపించాలట. ఆయన ఒంటికాలి మీద లేచారు. "ఇరవై ఏళ్ళ వెధవలు ఫోను చూసుకుంటూ గుద్దేస్తుంటే వాళ్ళనొదిలేసి ముసలాళ్ళకి పరీక్షలా? మేమే దొరికామా?" ఆ మాటలో నిజం లేకపోలేదు. కళ్ళ సర్టిఫికెట్ సులువుగానే వచ్చింది. గోడ మీది అక్షరాలు చివరి వరస దాకా చదివేశారు. అక్షరాలు ఎదురుగా నిలబడతాయి, పిల్లలు పక్క సందుల్లోంచి వస్తారు.

ట్రాక్ దగ్గరే చిక్కు. ఇంట్లోవాళ్ళు ఒకరు రావచ్చు కానీ వెనక సీట్లో మాట్లాడకుండా కూర్చోవాలి. ఆయన రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు కాఫీ తాగుతూ చెప్పారు. "దగ్గు."

"ఆ?"

"ఒకసారి దగ్గితే ఆగాలి. రెండుసార్లు దగ్గితే పోవచ్చు. దగ్గొద్దని రూల్లో లేదు."

హాల్లో రిహార్సల్ చేశాం. రెండు కుర్చీలు ముందు, నేను వెనక స్టూలు మీద. ఆయన పళ్ళేన్ని స్టీరింగులా పట్టుకుని తిప్పుతూ, నోటితో గేర్ల చప్పుడు చేస్తుంటే నాకు నవ్వాగలేదు. ఆయనా నవ్వారు. ఎన్నేళ్ళయిందో ఇద్దరం అలా నవ్వి. "నువ్వుంటే నాకేం భయం?" అన్నారు. గుండె కరిగింది, కాదనను. వెంటనే కాలు నొప్పి కూడా గుర్తొచ్చింది.

పరీక్ష రోజు ఇన్‌స్పెక్టర్ ఆడమనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయి. బూట్లు టకటకలాడిస్తూ వచ్చి నా సీట్లో కూర్చుంది. నా సీటును వెనక నుంచి చూడటం అదే మొదలు. ట్రాక్‌లో ఒక మలుపు, ఎడమ పక్క గోడ, గోడ మధ్యలో సందు. ఆ సందులోంచి చక్రాల మీద చెక్కబొమ్మను నెడతారు. భుజాన బ్యాగుతో స్కూలు పిల్ల బొమ్మ. నేనొకసారి దగ్గాను. కారు ఠక్కున ఆగింది. బొమ్మ దాటింది. రెండుసార్లు దగ్గాను. కారు కదిలింది. నీట్‌గా, పాఠం ఒప్పజెప్పినట్టు రౌండు పూర్తయింది. ఆయన మీసం మీదికి చిరునవ్వు వచ్చేసింది.

ఇన్‌స్పెక్టర్ కిందికి వంగింది. ఆమె బూటు దేనికో పట్టేసినట్టయింది. మ్యాటు చిల్లులో వేలు పెట్టి చూసింది. డ్రైవరు వైపు మ్యాటు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"ఈ సీట్లో ఎప్పుడూ మీరే కూర్చుంటారా అమ్మా?"

"అవునమ్మా."

"ఎన్నాళ్ళ నుంచి ఈ దగ్గు?"

"నాలుగేళ్ళ నుంచి."

ఆమె నా చేతికి నీళ్ళ సీసా ఇచ్చింది. "తాగండి" అని, ఆయన వైపు తిరిగి "సార్, ఇంకో రౌండు" అంది. నన్ను దగ్గొద్దనలేదు. అని ఉంటే ఎంత బావుండేది! బరువు దిగిపోయేది. ఆ పని కూడా నాకే వదిలేసింది.

మలుపు వచ్చింది. వెనక చూసే అద్దంలో ఆయన కళ్ళు నా కళ్ళను వెతుక్కున్నాయి. పళ్ళెం తిప్పిన చేతులు గుర్తొచ్చాయి. "సారీ ఆంటీ" అన్న గొంతు కూడా. సందులోంచి బొమ్మ బయటికి వచ్చింది. నా కుడికాలు వెనక సీటు కింద నేలను పచ్చడయ్యేలా తొక్కింది. నోరు మాత్రం తెరవలేదు.

ఠప్‌మంది.

"ఏంటది?" అన్నారాయన. "గుంటా?"

"ఆపండి సార్" అంది ఇన్‌స్పెక్టర్ మెల్లగా.

ఆయన దిగి చుట్టూ తిరిగి ఎడమ వైపు వచ్చారు. చక్రం పక్కన బొమ్మ వెల్లకిలా పడి ఉంది, రంగు ముఖం ఆకాశానికి పెట్టి. ఆయన దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను.

ఆయన లోపల కాగితాల మీద సంతకాలు పెడుతుంటే నేను కిటికీ దగ్గరికి వెళ్ళి లైసెన్సు దరఖాస్తు అడిగాను.

"ఎవరికండీ, మనవడికా?" అన్నాడు గుమాస్తా.

"నాకు. అరవై రెండు."

"డెబ్బై వచ్చాక మీకూ ఈ పరీక్ష తప్పదు మరి" అని నవ్వాడు.

"ఇస్తాను. వెనక ఎవరూ దగ్గకుండా ఇస్తాను."

అమ్మాయి ఆఫీసులో సెలవు పెట్టి వచ్చి కారు ఇంటిదాకా నడిపింది. ఆయన ముందు, నేను వెనక. "ఇక మీరేం బెంగపెట్టుకోకండి. ఎక్కడికెళ్ళాలన్నా నాకు ఫోన్ చెయ్యండి, కుదిరినప్పుడు వస్తాను" అంది. మంచి పిల్ల. కుదిరినప్పుడు, అంది. ప్రెస్సు గేటు, వాచ్‌మన్ వేసిన స్టూలు కళ్ళముందు కదిలాయి.

అమ్మాయి వెళ్ళిపోయాక ఆయన చొక్కా కూడా మార్చుకోకుండా మంచం మీద కూర్చున్నారు. అక్కణ్ణించే అడిగారు. "ఎందుకు దగ్గలేదు?"

"దగ్గు తగ్గిపోయింది" అన్నాను.

సాయంత్రం ఎండ ఉండగానే తాళం తీసుకుని కిందికి దిగాను. బట్టల అడుగున ఉన్న, ఎప్పుడో గడువు తీరిన పాత లైసెన్సు చేతిలో ఉంది. కుడి వైపు తలుపు తీసి కూర్చున్నాను. సీటు వెనక్కి ఉంది, ముందుకు జరుపుకున్నాను. అద్దం నా ఎత్తుకి దించుకున్నాను. తాళం పెట్టలేదు, స్టార్ట్ చెయ్యలేదు. ఊరికే బ్రేకు మీద కాలు పెట్టి నొక్కాను. అది కిందికి దిగింది! నాలుగేళ్ళుగా గట్టి నేలను తొక్కిన కాలి కింద ఒకటి మెత్తగా లొంగి, మళ్ళీ పైకి నెట్టింది. వెనక గోడ మీద ఎర్రగా వెలుగు పడింది. వదిలాను, పోయింది. నొక్కాను, వచ్చింది. చిన్నపిల్లలా ఎన్నిసార్లు నొక్కానో.

ఆ వెలుగు చూసే కాబోలు, ఆయన వచ్చారు. అలవాటు కొద్దీ కుడి తలుపు తీసి, నన్ను చూసి ఆగిపోయారు.

"ఏం చేస్తున్నావిక్కడ?"

"అటు వచ్చి కూర్చోండి."

ఏమనుకున్నారో, కారును చేత్తో తడుముకుంటూ చుట్టూ తిరిగి వచ్చి, ఎడమ సీట్లో కూర్చున్నారు. కాలు చిల్లు దగ్గర ఆగింది. కిందికి చూశారు. ఎలకల మాట ఎత్తలేదు.

"నేను... ఏం చెప్పాలి మరి, ఇక్కడ కూర్చుని?" అన్నారు.

"ఏం చెప్పక్కర్లేదు. నాకు కనపడుతుంది" అన్నాను. "లైసెన్సు రానివ్వండి. ఆ చీలిక దగ్గర ఎడమకి తిప్పుతాను."