గోతికి ముందు ఒక మాట

గజపతినగరం రోడ్డు మీద ఏ గొయ్యి ఎంత లోతో జగన్నాధాన్ని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. గొయ్యి రాగానే "లెగు" అంటాడు. వెనకాల దాలమ్మ మొగుడి భుజం పట్టుకుని సీటు మీంచి జానెడు పైకి లేస్తుంది. బండి గోతిలో దిగి ఎక్కాక మళ్లీ కూర్చుంటుంది. చూసినవాళ్లు నవ్వేవారు. నవ్వితే నవ్వనీ! ఊళ్లో బండ్లన్నీ నెలకోసారి షెడ్డుకెళ్తుంటే, వీళ్ల మోపెడ్ నాలుగేళ్లు రిమ్ము చెడకుండా తిరిగింది.

అలాంటిది మొన్న మంగళవారం, వంకాయల బస్తాతో సంతకి పోతూ ఆయన లెగు అనలేదు. ఎలా అంటాడు? ఇద్దరికీ మాటల్లేక అప్పటికి ఐదు రోజులు. దాలమ్మ గంజి పోసి పెంచిన పెయ్యదూడని, ఆవిడ పుట్టింటికెళ్లిన పూట చూసి అమ్మేశాడీ పెద్దమనిషి. వచ్చాకయినా చెప్పాడా? అబ్బే! ఖాళీ గుంజ చూసి ఆవిడే తెలుసుకుంది. ఆ రోజు నుంచీ కంచం పెడుతోంది గానీ నోరు విప్పలేదు. ఆయనా బింకంగానే ఉన్నాడు. కానీ ఆవిడ మాట వినపడని ఇంట్లో అన్నం సహించడం లేదు.

కల్వర్టు దాటగానే పెద్ద గొయ్యి. నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు. దాలమ్మా చూసింది, బిగదీసుక్కూర్చుంది. బండి దభీమని పడింది. వెనక చక్రం పుల్లలు నాలుగు విరిగి, రిమ్ము సొట్టపోయింది. ఆయన ముందు లాగుతూ, ఆవిడ వెనక నెడుతూ, మాటామంతీ లేకుండా మెకానిక్ గంగులు షెడ్డుకి చేరారు.

గంగులు చక్రం తిప్పి చూశాడు. "ఏటి బావా, నాలుగేళ్లు నా మొగం సూడని బండి, ఇలగైపోనాదేటి?"

"నాను లెగనేదు గంగులూ," అంది దాలమ్మ. "గొయ్యి నాకూ కనబడ్డాది. కావాలనే కూకున్నాను. తప్పు నాదే."

నేరం తనమీదికి నెట్టేస్తుందనుకున్న జగన్నాధం ఇక బింకం పట్టలేకపోయాడు.

"దానిది కాదురా. నానే సెప్పనేదు," అన్నాడు. తరవాత భార్య వైపు తిరిగాడు. "పెయ్యని అమ్మినప్పుడూ సెప్పనేదు. సెప్తే ఒద్దంతావని బయపడ్డానే."

"ఒద్దనే అందును!" దాలమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "అమ్మీసినోడివి, ఆకరిసారి దానికింత గంజైనా పొయ్యనిచ్చినావు కావు."

ఆయన షెడ్డు వెనక్కి చెయ్యి చూపించాడు. "పెయ్యని కొన్న రాముడి పసువుల సాల ఈ ఎనకాలే. బండి అయ్యేలోగా ఎల్దామా?"

 దాలమ్మ సంతకని తెచ్చిన బస్తా మూతి విప్పి, పెయ్య కోసం లేత వంకాయలు ఏరి కొంగులో వేసుకోవడం మొదలెట్టింది.