గుండెకు బలం గోలీలు

ఆరు నెలలుగా భాగ్యమ్మ వంటింట్లో మటన్ ఉడకలేదు. నర్సయ్య గుండెకు స్టెంట్ వేసి ఇంటికి పంపిన రోజే కొడుకు అభినవ్ తీర్పు చెప్పేశాడు. చూడ్డానికొచ్చిన కొమురయ్య, గిరిజ దంపతుల ముందే, "అంతా అమ్మ వంటల వల్లనే అంకుల్. ఆదివారమొస్తే తలకాయ, బోటి! నాన్న గుండెను ఆమెనే పాడు చేసింది" అన్నాడు. ఇంకేముంది, వాళ్లుంటున్న మౌంట్ రాస్కిల్ పేటలో తెలుగువాళ్లున్న ప్రతి ఇంటికీ ఆ కబురు పాకింది. కొట్లో కరివేపాకు ఏరుకుంటుంటే కూడా, "ఇప్పుడన్న జాగ్రత్తగ వండుతున్నరా ఆంటీ?" అని అడిగేవాళ్లే. ముప్పై ఏళ్లు చేతులు కాల్చుకుని వండిపెట్టినందుకు ఎంత మర్యాద!

నర్సయ్య మాత్రం సోఫాలో కూర్చుని ఓట్స్ తింటూ ఊఁ అనలేదు, ఆఁ అనలేదు.

ఆ వారం అభినవ్ ఆఫీసు పని మీద వెల్లింగ్టన్ వెళ్లాడు. మామగారి గోలీల డబ్బా నింపే పని కోడలు వర్షిణి మీద పడింది. యూనివర్సిటీ ల్యాబ్‌లో పేగుల బ్యాక్టీరియా మీద పనిచేసే పిల్ల ఆమె. డాక్టరు రాసిన మందుల పక్కన ఇంకేదో సీసా కనబడింది.

"ఇవేంటివి అత్తమ్మా?"

"నీ మొగుడే తెచ్చిండు, జిమ్ముల ఎవరో చెప్పిన్రంట. గుండెకు బలమట. ఏడాదిన్నర సంది పొద్దున రెండు, మాపు రెండు ఏస్తుండు."

వర్షిణి సీసా తిప్పి చదివి తల పట్టుకుంది.

"ఇది కార్నిటిన్ అత్తమ్మా! మటన్‌ల ఉండేది ఇదే. పేగులల్ల కొన్ని బ్యాక్టీరియా ఉంటయి, వాటి ఎంజైములు దీన్ని విరగ్గొడతయి. అందులకెల్లి వచ్చిందాన్ని లివర్ మార్చి రక్తంలకు వదుల్తది. అది రక్తనాళాలకు చేటంటున్నరు. స్టెంట్ దీనివల్లనే పడ్డదని నేను చెప్పలేను. కానీ మటన్ బంద్ చేసి, ఇది మింగిపిచ్చుడేంది?"

"అంటే నా కూర తప్పు లేదంటవా?"

"కూరల గూడ ఉంటది. కానీ అది వారానికోసారి. ఇది రోజూ!"

భాగ్యమ్మకు ఒళ్లు మండిపోయింది. కూరలో తప్పుంటే ఉండనీ, ఒప్పుకుంటుంది. కానీ నింద మొత్తం తనొక్కతే ఎందుకు మోయాలి?

శనివారం అభినవ్ ఇల్లు చేరేసరికి కొమురయ్య, గిరిజ హాల్లో కూర్చుని ఉన్నారు. పిలిపించింది భాగ్యమ్మే. సీసా తెచ్చి ఠక్కున టీపాయ్ మీద పెట్టింది.

"నలుగురి ముందల అన్నవు. నలుగురి ముందల చెప్పు."

వర్షిణి ఫోన్లో ముందే అంతా చెప్పింది. అభినవ్ తల దించుకున్నాడు. "గుండెకు మంచిదని సీసా మీద రాసుండె అమ్మా. నమ్మిన. తప్పయింది."

"సీసా మీద రాతను నమ్మినవు గాని తల్లిని నమ్మకపోతివి!"

నర్సయ్య గొంతు సవరించుకున్నాడు. "పోనీ తియ్యి భాగ్యా, పిలగాడు తెల్వక చేసిండు."

భాగ్యమ్మ గిర్రున అటు తిరిగింది. "ఆహా, నీకు గూడ మాటొచ్చిందా? ఈ గోలీలు మింగుటానికి రోజుకు రెండుసార్లు నోరు తెరిచినవు. నాకోసం ఒక్కసారన్న తెరిచినవా?"

నర్సయ్య గిరిజ వైపు చూశాడు, కొడుకు వైపు చూశాడు.

"బోటి వండమని ప్రతి ఆదివారం నేనే సతాయించేది" అన్నాడు. "ఆమె వద్దనే అనేది."

"ఈ ముక్కకు ఆరు నెలలు పట్టింది" అంటూ భాగ్యమ్మ సీసా తీసుకెళ్లి చెత్తడబ్బాలో పడేసింది.