ఎముక అతికేదాకా

“కోసింది ఛాతిని గదా, చేతులకేమైందే?” అన్నాడు మా ఆయన నర్సింగం ఒక పొద్దున, స్నానానికి నీళ్ళు ఇంకా పెట్టలేదని. బాయిలో, అంటే గనిలో, బొగ్గు నింపి నింపి రిటైరైన మనిషి. డ్యూటీ దిగి ఇంటికి రాగానే వేడినీళ్ళ బకెట్ ఎదురుగా ఉండాలన్న అలవాటు మాత్రం ఇంకా రిటైరవలేదు.

చేతులకేమీ కాలేదు. వాటిని చూస్తే ఎవరికైనా బాగానే ఉన్నాననిపిస్తుంది. గుండె ఆపరేషన్ కోసం ఛాతీ ఎముకను నిలువునా కోసి, పనయ్యాక సన్నని తీగలతో కట్టారు. చేతులతో ఏది ఎత్తినా, నెట్టినా, లాగినా ఆ బరువు పోయి ఆ ఎముక మీదే పడుతుందట. హైదరాబాద్ దవాఖానలో కసరత్తు నేర్పిన అమ్మాయి నన్ను మంచం మీద పడుకోబెట్టి మరీ చూపించింది. “లేచేటప్పుడు చేతులతో మంచాన్ని నెట్టకు అవ్వా. పక్కకు తిరుగు, కాళ్ళు కిందికి దించు, కాళ్ళ బలంతో లే. మోచేతులు ఒంటికి ఆనించుకునే ఉండాలి. ఎవరైనా చెయ్యి పట్టి లేపుతామంటే ఒప్పుకోకు. దగ్గొస్తే ఈ దిండును గుండెకు హత్తుకో” అంది. నిజం చెప్పాలంటే దగ్గు రాకపోయినా హత్తుకుంటాను. నన్ను దగ్గరికి తీసుకున్న మనుషులు ఒక్కొక్కరే పోయారు. ఆఖరున పోయింది మా అమ్మ.

బిడ్డ సంతోషి ఉన్నన్ని రోజులు నాకు ఏ ఫికరూ లేదు. సెలవు అయిపోయి అది వెళ్ళే రోజు, గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపబోయాను. ఎత్తవచ్చో ఎత్తకూడదో తెలియక సగంలోనే ఆపేశాను. వీధి మలుపులో అది వెనక్కి తిరిగి చూసింది. అమ్మ చెయ్యి కూడా ఊపలేదనుకుందేమోనని ఆ రోజంతా అన్నం సయించలేదు.

ఇక ఆ నీళ్ళ సంగతి. మాట పడలేక బకెట్ ఎత్తాను. ఛాతీలో ఏదో టక్కుమంది. డాక్టరు ఫోటో తీయించి చూసి, “ఈసారికి గండం తప్పింది. తీగ తెగితే మళ్ళీ కొయ్యాలి, ఈ వయసులో తట్టుకోలేవు” అన్నాడు. పక్కనే కూర్చున్న మా ఆయన నవ్వి, “ఎంత చెప్పినా వినది సార్. ఊకె కూసోమంటే కూసోది” అన్నాడు. డాక్టరు నావైపు, తప్పు చేసిన పిల్లను చూసినట్టు చూశాడు. నేను తల దించుకున్నాను.

నిన్న పెద్దపల్లి నుంచి మా సదయ్య అన్న, లస్మవ్వ వదిన ఆటో మాట్లాడుకుని వచ్చారు. వదిన చేతిలో పసుపు కలిపిన బియ్యం మూట, కొత్త చీర, ఎండుకొబ్బరి కుడుకలు.

“సావు దాక పోయి మర్లొచ్చినవ్ బిడ్డా. నిండుగ ఒడిబియ్యం పోస్తం” అంది వదిన.

ఆ బియ్యం వాసనకే నాకు కళ్ళు నిండాయి. మా ఊరు ఇప్పుడు లేదు, ఓపెన్‌కాస్ట్ గనిలో పోయింది. మా అమ్మ పీట వేసి నా కొంగులో దోసిళ్ళతో బియ్యం పోసిన ఇల్లు ఉన్నచోట ఇప్పుడు పెద్ద పెద్ద డంపర్లు తిరుగుతాయి. పోసిన ప్రతిసారీ ఒడి నిండేది, ఇల్లు దూరమయ్యేది. ఆ మూట నడుముకు కట్టుకుని, బస్సు కిటికీలోంచి అమ్మ కనబడినంతసేపూ చూసేదాన్ని. ఇక్కడికి వచ్చి ఆ బియ్యమే వండి, అత్తగారి వాళ్ళందరికీ పెట్టేదాన్ని. 

అన్నకు ఇప్పుడు చూపు ఆనడం లేదు. మళ్ళీ ఎప్పుడు వస్తాడో, అసలు వస్తాడో లేదో. వద్దంటే పుట్టింటి నుంచి వచ్చే ఆఖరి ఒడిని పోగొట్టుకున్నట్టేనేమో. పోయించుకుంటే ఆ బరువుతో నేల మీది నుంచి లేవాలి.

మా ఆయన అప్పటికే పీట వేశాడు. “కూసో. లేసేటప్పుడు నేను రెండు చేతులు వట్టి గుంజుత. బాయిల ఎంతమందిని లేపలేదు!”

“ఒడి కట్టుకొని దేవుని అర్ర దాక నడిస్తె సాలు” అంది వదిన.

నేను నిలబడే ఉన్నాను.

“అన్నా, ఒడిబియ్యం ఎప్పుడు పోస్తరే?”

“గదేం మాట? ఆడిబిడ్డను అత్తగారింటికి తోలేటప్పుడు.”

“మరి నేను మీ ఇంటికి రానే లేదు గదా. రాని దాన్ని ఎట్ల తోలుతవ్?”

అన్న చేతిలోని కుడుక చేతిలోనే ఉండిపోయింది. వదినకు ముందు అర్థమైంది. మూట మళ్ళీ ముడివేసింది.

“ఏంది, గిప్పుడే పోతవా?” మా ఆయన గొంతు మారింది. “నాకెవలు వండుతరు?”

“అన్నా, బాయిల బొగ్గంత నువ్వే తీస్తివి. ఒక్క పొయ్యి ముట్టియ్యరాదా?” అంది వదిన మా ఆయనతో. మా అన్న నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఆయన మాత్రం నవ్వలేదు.

“సదయ్యా, నువ్వన్న చెప్పు. సుట్టాలేమంటరు?”

“పురుడుకు తోలుకపోలేదా, బావా? గిప్పుడు గూడ గంతే” అన్నాడు అన్న.

వదిన నా బట్టలు సర్దింది. ఆటోలో వెనక సీట్లో ఇద్దరి మధ్య నా చోటు చూసుకుని, మెల్లగా కూర్చున్నాను. గడపలో నిలబడి మా ఆయన, “ఎప్పుడొస్తవ్?” అని అడిగాడు. ఆయన షిఫ్టుకు పోయిన ప్రతి రోజూ అక్కడే నిలబడి ఆ మాట అడిగింది నేను.

“అన్న తోలినప్పుడు” అన్నాను.

అన్న జల్ది తోలకపోతే బాగుండునన్న మాట మాత్రం పైకి అనలేదు.